మచ్చల బండలు

పాలిష్ మిషను కింద నుంచి బండ బయటికి రాగానే నాగక్క దాని మీద పైపు పట్టి నీళ్ళు కొడుతుంది. బూడిదరంగు బురద జారిపోయి కింద నలుపు నిగనిగలాడుతూ తేలుతుంది. ఆ తడి ఆరేలోపల గిడ్డమ్మ చూడవలసిందంతా చూసేయాలి. వంగి, వేలి కణుపుతో మూడుచోట్ల తట్టి, చెవి ఒగ్గుతుంది. ఖంగుమంటే బండ గట్టిది. మోత లేకుండా డొల్లగా పలికితే లోపల పగులుంది. అన్నీ సరిపోతే సుద్దముక్కతో ఒక నిలువు గీత. పగులున్నా, మచ్చ ఉన్నా ఇంటూ. ఇంటూ పడిందంటే ఆ బండ రిజెక్టు.

కమలాపురం చుట్టుపక్కల బండల ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. కానీ గిడ్డమ్మ సుద్దముక్కంత నమ్మకమైన సుద్దముక్క ఇంకెక్కడా లేదని యజమాని వీరభద్రప్పే బేరానికి వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పుకుంటాడు. పన్నెండేళ్ళలో ఆమె గీత తప్పింది లేదు, ఇంటూ తప్పింది లేదు.

ఆ ఇంటూ పెట్టేటప్పుడు ఆమె ప్రాణం ఎంత చివుక్కుమంటుందో మాత్రం వీరభద్రప్పకు తెలియదు. తెలిసినా నవ్వుతాడు.

"ఏమే గిడ్డీ, ఈ పొద్దు ఎవరొచ్చినారు?" పైపు పట్టుకుని నాగక్క అడిగింది. రోజూ అడిగేదే.

"కౌజుపిట్ట అక్కా. చూడు, మెడ లోపలికి ముడుచుకోని ఎట్లా కూసోనుండాదో! ఇదో, ఈ తెల్లనరం దాని రెక్క."

"నా మొగం ఉండాది! ఆడ మచ్చ తప్ప ఏమీ లేదు. ఇంటూ పెట్టు తల్లీ, ఎనక ఇంకో బండ వస్తాంది."

గిడ్డమ్మ ఇంటూ పెట్టింది, కౌజు కళ్ళకు అడ్డం రాకుండా, ఓ మూలగా. ఇద్దరు ఆడవాళ్ళు ఆ బండను ఎత్తుకుపోయి వెనకాల రిజెక్టు కుప్ప మీద వేశారు. నెలకోసారి టిప్పరు వచ్చి ఆ కుప్పను ఎత్తుకుపోయి ఎక్కడెక్కడి రోడ్ల గుంతల్లోనో పోస్తుంది. అట్లా ఎన్ని పిట్టలు, ఎన్ని మేకపిల్లలు మట్టి కింద పడిపోయాయో గిడ్డమ్మ మనసుకే తెలుసు.

దక్కినవి ఏడాదికి రెండు. అదీ వీరభద్రప్ప తండ్రి పుణ్యం. ఆయుధపూజ నాడు మిషన్లకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, పనిచేసే ప్రతి మనిషీ రిజెక్టు కుప్పలోంచి తన నెత్తి మోయగలిగినన్ని బండలు ఇంటికి తీసుకుపోవచ్చని ఆ పెద్దాయన పెట్టిన పద్ధతి. ఒక్కసారే. గేటు దాటేదాకా బండ నేలకు తగలకూడదు. గేటు దాటితే సైకిలు మీద పెట్టుకున్నా, బండిలో వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. అందరూ ఉన్నంతలో మచ్చ తక్కువ ఉన్నవి ఏరుకుంటారు. గిడ్డమ్మ మచ్చ ఎక్కువ ఉన్నవి ఏరుకుంటుంది. ఆ రోజు ఫ్యాక్టరీ అంతా ఆమెను చూసి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ.

అట్లా పన్నెండు పండగలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు బండలు ఇరవై నాలుగు. రేకుల ఇంట్లో ముందుగది నేల నిండింది. రోజూ తెల్లవారగానే బకెట్టు నీళ్ళతో, పాతచీర పేలికతో ఆమె ఆ నేల తుడుస్తుంది. పేలిక జరిగిన కొద్దీ ఒక్కొక్కటే లేచి వస్తాయి. తలుపు దగ్గర తొండ, తల ఎత్తి. గూటి కింద మేకపిల్ల, ముందుకాళ్ళు మడిచి. నడిమధ్య, రెండు బండల మీదుగా కృష్ణజింక. మెలి తిరిగిన కొమ్ములు ఒక బండలో, పరుగెత్తే ఒళ్ళు ఇంకో బండలో. కిటికీ వారగా బట్టమేక పిట్ట. ఆ పిట్టను గిడ్డమ్మ ఎన్నడూ చూడలేదు. పత్తికొండ దిక్కు బీళ్ళలో వాళ్ళమ్మ చిన్నప్పుడు చూసిందట, మనిషి నడుమంత ఎత్తు, నెత్తిన నల్లటోపీ. అమ్మ చెప్పిందే గానీ తాను చూడనిది బండలో కనబడేసరికి ఆ ఏడు ఆమె పండగపూట కూడా ఏడ్చింది. తడి ఆరేదాకా అవి ఉంటాయి. ఆ కాసేపు గిడ్డమ్మ ఏ ఊళ్ళో ఉందో ఆమెకే తెలియదు. తడి ఆరితే మళ్ళీ నల్లనేల, దాని మీద మొగుడు దేవేంద్రప్ప చెప్పుల మట్టి.

జింక సంగతి ఇంకో వింత. ఒక ఏడు తల దొరికింది. ఒళ్ళు కోసం కుప్పంతా తిరగేసినా దొరకలేదు. ఆ తర్వాత పన్నెండు సార్లు టిప్పరు వచ్చిపోయింది. మరుసటేడు ఆయుధపూజ నాడు చూస్తే ఆ ఒళ్ళు బండ కుప్ప మీద పైనే ఉంది! తల వెతుక్కుంటూ అదే వచ్చిందని గిడ్డమ్మ నమ్మకం. ఎవరికి చెప్పినా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. వీరభద్రప్ప కోడలు తనూజ ఆఫీసు గదిలో బిల్లులు చూసే పిల్ల. స్కూటీ తీస్తూ గిడ్డమ్మను పిలిచి ఎక్కించుకుంది. ఊరు చేరేసరికి వాన దంచికొట్టింది. ఇక ఆ పిల్లను వానలో పొమ్మనలేక గిడ్డమ్మ ఇంట్లోకి రమ్మంది.

రేకుల సందుల్లోంచి నీళ్ళు కారి ముందుగదంతా తడిసి ఉంది. గడపలో చెప్పులు విప్పుతున్న తనూజ ఒక కాలు గాల్లో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"గిడ్డమ్మా! ఇది జింక కదా?"

పన్నెండేళ్ళు. ఒక్క మనిషి, తనకై తాను, ఎవరూ చూపించకుండా ఆ మాట అన్నది అదే మొదటిసారి. గిడ్డమ్మ నోరు విప్పింది. ఇక ఆగలేదు. వంగి వంగి ఒక్కొక్కటీ చూపించింది. తొండ, మేకపిల్ల, గుడ్ల మీద కోడి, చెరువు దాటే పాము. తనూజ గొంతుకూర్చుని ప్రతిదాన్నీ వేలితో తడిమింది. ఫోను తీసి ఫోటో కొడితే తడి నేల మీద వెలుగు పడి అంతా తెల్లగా వచ్చింది. మానేసింది.

"బట్టమేక పిట్టను తొక్కద్దు తల్లీ, అటు పక్కనుంచి రా," అంది గిడ్డమ్మ. ఆ పిల్ల నిజంగానే చుట్టు తిరిగి వచ్చింది.

వాన వెలిసి తనూజ పోయాక గిడ్డమ్మకు సంతోషంతో అన్నం సయించలేదు. పిచ్చిదేం కాదు తాను! చదువుకున్న పిల్లకు కూడా కనబడింది!

గురువారం సాయంకాలం పని దిగి ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో నేల లేదు.

మన్ను ఉంది. గడపార పోట్లు ఉన్నాయి. గోడవారన పగిలిన సిమెంటు పెళ్ళలు పోగుపడి ఉన్నాయి. దేవేంద్రప్ప మంచాన్ని బయట వేసుకుని బీడీ కాలుస్తున్నాడు, ముఖం వెలిగిపోతూ.

"వచ్చినావా? మన దశ తిరిగిందిలే! మీ మేస్త్రీ సుందరం నలుగుర్ని తీసుకొని ట్రాక్టరుతో వచ్చినాడు. మచ్చల బండలన్నీ వీరభద్రప్ప సామికి కావాల్నంట. బెంగళూరు నుంచి ఎవరో సారు వస్తాండాడంట చూసేదానికి. మనకు బదులు ఫస్టు క్వాలిటీ బండలు వేపిస్తారంట, కూలి కూడా వాళ్ళదేనంట!"

"నన్నడగల్యా?"

"అడిగేదేముందే? బండలు పోయి బండలు వస్తాండాయి. మచ్చలవి పోయి మచ్చలేనివి వస్తాండాయి. నేను కూడా ఒక చెయ్యి వేసి లేపిచ్చినా."

"నువ్వు కూడా లేపిచ్చినావా?"

"మరి? ఉత్తగా నిలబడతానా?"

మగవాళ్ళకు నేలంటే నేలే, ఏం చెప్పాలి. గిడ్డమ్మ గడపలో కూర్చుంది. దేవేంద్రప్ప చెడ్డవాడేం కాదు. పెళ్ళాం ఏడుస్తోందని చూసి బీడీ పారేశాడు గానీ, ఎందుకు ఏడుస్తోందో అతనికి అంతు పట్టలేదు. దుడ్లు పెట్టి కొన్నా దొరకని నలుపు వస్తుంటే ఏడుపెందుకు?

"నేనే చెప్పినా," అంది ఆమె. "సంతోషం పట్టలేక ఆ పిల్లకు నేనే చూపిచ్చినా."

మర్నాడు తెల్లవారి అలవాటుగా బకెట్టు, పేలిక తీసుకుని ముందుగదిలోకి వచ్చింది. వంగింది. చేతికి మన్ను తగిలింది. బకెట్టు నీళ్ళు ఆ మన్ను మీదే పోసేసి పనికి పోయింది.

ఫ్యాక్టరీ ముందు వేపచెట్టు కింద ఇరవై నాలుగు బండలూ ఒకదానికొకటి ముఖం ఆనించి నిలబెట్టి ఉన్నాయి, అమ్మకం బండలు పేర్చినట్టే. ఏది తల, ఏది ఒళ్ళు, ఏది ఎటు తిరగాలో ఎవరికి తెలుస్తుంది? పైగా దుమ్ము. సుందరం వాటిలో నాలుగింటిని దించి అటూ ఇటూ తిప్పి చూసి తల గోక్కుంటున్నాడు.

పదిగంటలకు కారు వచ్చింది. వసంతకుమార్ అని, బెంగళూరులో పెద్దపెద్ద హోటళ్ళు కట్టించే ఇంజనీరు. మనిషి మర్యాదస్తుడే. తనూజ మాట విని వీరభద్రప్ప ఫోను చేసి పిలిపించాడు. ఆయన వెంట వీరభద్రప్ప, ఒక పక్కగా తనూజ.

"గిడ్డమ్మా, రా," వీరభద్రప్ప ముద్దుగా పిలిచాడు. "నువ్వే పేర్చు. యాడ జింక ఉండాదో, యాడ పిట్ట ఉండాదో సారుకు చూపించు. నీకు రేపే ఫస్టు క్వాలిటీ బండలు పంపిస్తా."

"ఏం జేస్తారు సార్ వీటిని?" గిడ్డమ్మ అడిగింది. కూలిమనిషి అట్లా అడగడం వీరభద్రప్పకు నచ్చలేదు గానీ వసంతకుమార్ ఓపిగ్గానే చెప్పాడు.

"టేబుళ్ళమ్మా. బొమ్మ మధ్యలోకి వచ్చేలా గుండ్రంగా కోయిస్తాం. ఒక్కో టేబులుకు ఒక్కో జంతువు."

"జింక రెండు బండల్లో ఉంటాది కదా?"

ఆ మాట నోరు జారింది. ఇంజనీరు కళ్ళు మెరిశాయి. "అవునా? అయితే తల ఉన్నది ఒకటి చాలు. తలే అందం."

గిడ్డమ్మ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లించింది. తల ఒకటి చాలునట. ఏడాది పాటు తల వెతుక్కుంటూ వచ్చిన ఒళ్ళు మరి?

"నీళ్ళు కొట్టక్కా," అంది నాగక్కతో.

నాగక్క పైపు పట్టింది. మొదటి బండ తడిసింది. అదే! వరసలో ఇంకేదీ లేనట్టు జింక తలే మొదట లేచింది. కొమ్ములు మెలి తిరిగి, చెవులు నిక్కించి, నేరుగా ఆమెనే చూస్తోంది. తలకిందులుగా ఉంది కాబట్టి మిగతావాళ్ళకు అది చెట్టు కొమ్మో, తెల్లనరమో.

గిడ్డమ్మ వంగింది. వేలి కణుపుతో మూడుచోట్ల తట్టింది. ఖంగు, ఖంగు, ఖంగు.

"పగులుండాది సామీ," అంది. బండ మీద ఇంటూ పెట్టింది.

పైపు పట్టుకున్న నాగక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నీళ్ళు తన కాళ్ళ మీదే పడ్డాయి. తర్వాత ఏమీ ఎరగనట్టు పక్క బండ మీదికి పైపు తిప్పింది.

"ఇది తుప్పు మరక సార్. రెండేండ్లకు పొరలు లేస్తాది." ఇంటూ. "ఇది కూడా అంతే." ఇంటూ. తొండ, మేకపిల్ల, కోడి. ఒక్కోదానికి ఇంటూ పెడుతుంటే తన ఒంటి మీద తానే వాత పెట్టుకుంటున్నట్టుంది ఆమెకు. పన్నెండేళ్ళు అబద్ధమాడని సుద్దముక్క ఇది.

"మరి జింక యాడ?" వీరభద్రప్ప గొంతు పెరిగింది. "పిట్ట ఉండాదంట గదా! ఇప్పుడే నువ్వే అంటివి, రెండు బండల్లో అని!"

"జింకేంది సామీ. నోటికొచ్చింది అంటి. అది మచ్చ. పన్నెండేండ్లుగా మీరందరూ చెప్తాండారు కదా, మచ్చ అని. నాకే పిచ్చి."

వసంతకుమార్ వంగి ఒక బండను చూశాడు. నిలబడి చూశాడు. "నాకైతే పడవలా ఉంది," అన్నాడు సందేహంగా. వీరభద్రప్ప కోడలి వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు చూసినానంటివి! చెప్పు మరి!"

తనూజ గిడ్డమ్మ వైపు చూసింది. గిడ్డమ్మ చూపు తిప్పుకోలేదు. తనూజ కిందికి చూసింది. జింక తల తలకిందులుగా, తడిగా, ఆ పిల్ల పాదాల ముందే ఉంది. చెప్పుల కాలు ఒక అడుగు వెనక్కి తీసింది.

"ఏమో మామా," అంది మెల్లగా. "ఆ పొద్దు వానలో, చీకట్లో... నాకట్లా అనిపిచ్చినట్టుండాది."

ఇంజనీరు నవ్వి, మచ్చలేని బండలు ఒక లారీకి ఆర్డరిచ్చి పోయాడు. వీరభద్రప్పకు వచ్చిన నష్టం ఏమీ లేదు. కానీ కోడలి మాట నమ్మి నవ్వులపాలైనానని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట పడవలసిన చోటే పడింది.

"ఎత్తండి ఈ దరిద్రాన్ని! కుప్ప మీద పారెయ్యండి!"

"మా బండలు మాకు పంపియ్యండి సామీ," గిడ్డమ్మ అంది. "ఇంట్లో మన్ను తేలింది."

"ట్రాక్టరుకు డీజిలు మీ నాయన పోస్తాడా? పనికిరాని రాళ్ళకు ఫస్టు క్వాలిటీ ఇయ్యాల్నా నేను? సోమవారం పూజ కదా, అందరి మాదిరి నెత్తిన పెట్టుకోని పో. మంగళవారం టిప్పరు వస్తాంది, మిగిలింది ఎత్తుకపోతాది."

రెండు. మహా అయితే మూడు. మిగిలినవన్నీ మంగళవారం మన్నులోకి.

మూడు రోజులు గిడ్డమ్మ మన్ను నేల మీదే వండింది, తిన్నది. దేవేంద్రప్ప అదీ పాయ ఇదీ పాయ అని గొణిగాడు, తర్వాత ఆమె ముఖం చూసి గొణగడం మానేశాడు. మానేసి ఆదివారం నాడు పేడ కలిపి తానే నేల అలికాడు. అలుకుతూ, "ఆ పిట్ట యాడుండె? కిటికీ కాడా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఏది తెచ్చుకోవాలో ఆమెకు తేలడం లేదు. జింకను తెస్తే రెండు బండలూ అయిపోయె. బట్టమేక పిట్టను విడిచిపెట్టాలి. అమ్మ చూసిన పిట్టను! పిట్టను తెస్తే జింక తలకు ఒళ్ళు ఉండదు. అప్పుడే పుట్టినట్టున్న మేకపిల్లను టిప్పరుకు ఎట్లా వదిలేది?

సోమవారం మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశారు. గుమ్మడికాయ పగిలింది. నిమ్మకాయలు చక్రాల కింద నలిగాయి. బొరుగులు, కొబ్బరిముక్కలు పంచారు. వీరభద్రప్ప పట్టుపంచెతో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోపం ఉన్నా తండ్రి పెట్టిన పద్ధతి పండగపూట తీసేసే ధైర్యం అతనికి లేదు.

గిడ్డమ్మ కుప్ప ముందు నిలబడింది. బండల మీద తాను పెట్టిన ఇంటూలే తెల్లగా కనబడుతున్నాయి. పాతగుడ్డ చుట్టిన చుంబళి నెత్తిన పెట్టుకుంది. చెయ్యి జింక మీదికి పోయింది, పిట్ట మీదికి వచ్చింది. ఏ బండనూ ఎత్తలేకపోయింది. నిలబడే ఏడ్చేసింది, అందరి ముందూ.

"ఏడ్చింది చాల్లే, జరుగు పక్కకు," వెనక నుంచి నాగక్క గొంతు. "జింక తల ఏదే? తలకిందులుగా ఉండాది కదా, ఇదేనా? ఎత్తు, నా నెత్తిన పెట్టు. ఒళ్ళు కూడా నాకే పెట్టు, రెండూ ఒకే మనిషి మోయాల."

గిడ్డమ్మ కళ్ళు తుడుచుకుని చూసింది. నాగక్క వెనక పది మంది ఆడవాళ్ళు చుంబళ్ళు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. అటు పక్కన మచ్చ తక్కువ ఉన్న మంచి రిజెక్టు బండలు అట్లాగే ఉన్నాయి. ఒక్కరూ అటు పోలేదు.

"అక్కా, మీ ఇండ్లకు..."

"మా ఇండ్లకు వచ్చే ఏడు ఉండాది లే. బిరీన చెప్పు, ఎండ ముదురుతాంది. తొండ ఎవరికి?"

వరస గేటు దాటుతుంటే వీరభద్రప్ప కుర్చీలోంచి లేచాడు. "ఏమ్మే, మంచి బండలు ఆడుంటే ఈ పగిలినవి మోస్తాండారేంది అందరూ?"

"మోయగలిగినన్ని అన్నాడు మీ నాయన," నాగక్క ఆగకుండానే అంది. "ఏవి మోయాలో చెప్పల్యా."

వీరభద్రప్ప ఒక్కొక్క నెత్తినీ చూశాడు. ఇంటూ, ఇంటూ, ఇంటూ. పగిలిన బండను ఇంత దూరం నెత్తిన పెట్టుకుని ఎవరూ మోయరని బండల వ్యాపారం చేసేవాడికి చెప్పాలా? ముఖం ఎర్రబడింది. కానీ పండగపూట, నెత్తిన బరువుతో ఉన్న ఆడవాళ్ళను ఆపడానికి నోరు రాలేదు. గేటు పక్కన తనూజ గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. వరస చివరి మనిషి దాటేదాకా గేటు రెక్కను వెనక్కి పట్టే ఉంది.

గేటు బయట దేవేంద్రప్ప ఎవరిదో ఎద్దులబండి తెచ్చి పెట్టాడు. అయినా నాగక్క తన రెండు బండలు అందులో పెట్టలేదు. బండి కుదుపులకు జింక మెడ విరుగుతుందని ఊరిదాకా నెత్తిన మోసింది.

అలికిన నేల మీద బండలన్నీ పరిచారు. గిడ్డమ్మ చెబుతుంటే ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని దాని చోట్లో దించారు. దేవేంద్రప్ప బట్టమేక పిట్టను కిటికీ వారగా తానే సరిచేసి పెట్టాడు, తలకిందులుగా. ఆడవాళ్ళు నవ్వితే తిప్పాడు. నాగక్క బకెట్టు తెచ్చి నీళ్ళు చల్లింది. ఇంటూలు కరిగిపోయి అన్నీ లేచి వచ్చాయి.

అందరూ పోయాక నాగక్క గోడకానుకుని కూర్చుని మెడ పట్టుకుంది. గిడ్డమ్మ నూనె తెచ్చి మెడకు రాస్తూ అంది:

"నీకు కూడా కనబడతాదా అక్కా ఇన్నాళ్ళూ?"

"పైపు నా చేతిలోనే ఉండాదే. తడిపేది నేను. నీకంటే ముందు నేనే చూస్తా."

"మరి ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే ఇద్దరు పిచ్చోళ్ళు అంటారు. ఒకరు చాల్లే అని ఊరుకున్నా." నాగక్క తడి నేల వైపు చూస్తూ ఉంది. "ఏటా పండగనాడు నీకు కావాల్సినవి కుప్ప పైనే ఎట్లా ఉంటాండె అనుకుంటివి? టిప్పరు వస్తాదనంగా తీసి నీళ్ళ తొట్టి ఎనక దాచిపెడతాంటి. ఈ జింక ఒళ్ళును ఏడాది దాచినా. వాన పడినప్పుడల్లా చూసుకుంటాంటి. ఇచ్చేయబుద్ధి కాల్యా నాకు."

గిడ్డమ్మ చెయ్యి నాగక్క మెడ మీదే ఆగిపోయింది.

"ఒకటి మాత్రం చెప్తా," నాగక్క వేలు చూపించింది. "ఆ గూటి కిందది మేకపిల్ల కాదే. కుందేలు. చెవులు చూడు."

గిడ్డమ్మ లేచి, ఇంకో చెంబు నీళ్ళు తెచ్చి ఆ బండ మీద పోసి, పక్కనే కూర్చుని చూసింది.